అందని బోల్టు

చంద్రపూర్‌లో మా నాన్నగారి పాత మహీంద్రా జీపుకి క్లచ్‌ప్లేటు మార్చాల్సి వచ్చింది. గేర్‌బాక్సు దించాలంటే బెల్‌హౌసింగ్ పైనున్న బోల్టులు విప్పాలి. పైనుంచి చెయ్యి దూరదు, కిందనుంచి పానా తిరగదు. వేళ్ళు చీరుకుపోయాయి.

మంచిర్యాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మేస్త్రిని పిలిచాను. “బోల్టు మన దగ్గరికి రాదు సార్, మనమే పోవాలె” అంటూ జాకీ ఆనించి, క్రాస్‌మెంబరు విప్పి, గేర్‌బాక్సు తోకను కొద్దిగా దించాడు. పైన సందు దొరికింది. పొడుగాటి ఎక్స్‌టెన్షన్ రాడ్డుకి యూనివర్సల్ జాయింటు, సాకెట్టు తగిలించి వెనకనుంచి పంపాడు. బోల్టు కదిలింది.

పనిముట్ల కోసం అతడడిగిన అప్పుని, జామీను లేదని తిప్పిపంపింది నేనే. జామీను అక్కర్లేని ముద్రా రుణం 2015 నుంచే ఉంది. అతడా మాటే ఎత్తలేదు. సోమవారం కబురుపెట్టలేదు, దరఖాస్తు ఫారం పట్టుకుని నేనే అతని షెడ్డుకి వెళ్ళాను.