ఒకే ఇల్లు, అయిదు వాటాలు

చిన్నప్పుడు మేము విజయవాడలో ఒక వాటాల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. అయిదు కాపురాలకూ ఒకటే నుయ్యి. వంటిళ్లు మాత్రం ఎవరివి వారివే. పక్కవాటాలో పులుసు మాడితే మనకు వాసన వచ్చేదే గాని, మన పులుసు మాడేది కాదు. నలభై ఏళ్ల తర్వాత ఆఫీసులో ఈ సంగతి నాకు పనికొస్తుందని ఎవరనుకున్నారు?

మా ఆఫీసుకున్నది ఒకే సర్వరు యంత్రం, 16 జీబీ మెమరీ. దానిమీద టామ్‌కాట్ అనే అప్లికేషన్ సర్వరు నడుస్తోంది. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1999లో అపాచీ వారికి ఇచ్చేసిన సరుకు; కాణీ ఖర్చు లేదు. జీతాలు, సెలవులు, స్టోర్సు, లైబ్రరీ, ఫిర్యాదులు, అయిదు ప్రోగ్రాములూ అందులోనే ఒకే కంచంలో తినేవి. సెలవులదానికి మెమరీ మింగే రోగం. అది పడిపోయినప్పుడల్లా తక్కిన నాలుగింటినీ వెంటేసుకుపోయేది.

కొత్త యంత్రం కొనమంటే ఆఫీసరుగారు వినిపించుకోరు. సరే, వాటాలు వేద్దామనుకున్నాను. టామ్‌కాట్‌లో ఆ సదుపాయం ఉంది. అసలు ప్రోగ్రాము ఫైళ్లు కేటలీనా హోమ్ అనే ఒక్కచోట ఉంటాయి. అదీ మన నుయ్యి. ఒక్కొక్క వాటాకు కేటలీనా బేస్ అని వేరే డైరెక్టరీ; సెట్టింగులు, లాగులు, తాత్కాలిక ఫైళ్లు ఎవరివి వారివి. కొత్త వెర్షను వస్తే నుయ్యి ఒక్కటి పూడిక తీస్తే సరి. మెమరీకీ హద్దు గీయాలి. గీయకపోతే ప్రతి జావా ప్రాసెసూ యంత్రంలో ఉన్నదాంట్లో నాలుగోవంతుదాకా నాదే అనుకుంటుంది. అయిదుగురికి తలా నాలుగోవంతు! మా అన్నదమ్ముల పంపకమే నయం. నేను తలా రెండు జీబీలు పంచాను.

ఇంతవరకూ నా తెలివి. ఇక తెలివితక్కువ.

జీతాలవాటా ముందు వేశాను, 8080 పోర్టుమీద. నెలాఖరు సాయంత్రం దాని సెట్టింగులే కాపీ చేసి, 8080ని 8081గా మార్చి, సెలవులవాటా వేశాను. పెరటి తలుపొకటుందని మరిచాను. 8005 పోర్టు దగ్గర టామ్‌కాట్ 'షట్‌డౌన్' అన్న మాటకోసం చెవొగ్గి ఉంటుంది. ఆ తలుపు అప్పటికే జీతాలవాటాది. అందుకని సెలవులది లేచినట్టే లేచి కూలబడింది. లాగు చూడవద్దూ? సగంలో వేలాడుతోంది కాబోలునని, దాన్ని ఆపేందుకు షట్‌డౌన్ ఆదేశమిచ్చాను. ఆ ఆదేశం పోయి 8005 తలుపు తట్టింది. జీతాలవాటా మర్యాదగా సెలవు తీసుకుంది.

అకౌంట్సు సూపరింటెండెంటుగారు పరుగెత్తుకొచ్చారు. సేవ్ చేయని పద్దులన్నీ పోయాయి. ఆ సాయంత్రం వాళ్ల అమ్మాయిని చూడటానికి పెళ్లివారొస్తున్నారు. "మెషీను పాతదైపోయిందంటారా?" అన్నారు, కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ. "అవునండీ" అన్నాను. రాత్రి తొమ్మిదిదాకా పద్దులు మళ్లీ ఎక్కించారు. ఆయన ఇల్లు చేరేసరికి పెళ్లివారు కాఫీలు తాగి వెళ్లిపోయారట.

మర్నాడు అయిదు వాటాల్లోనూ ఆ పెరటి తలుపు మూసేశాను. 8005 ఉండేచోట మైనస్ ఒకటి వేస్తే చాలు, ఆ మాట వినేవాడుండడు. ఒక్కొక్క వాటాను ఒక్కొక్క లినక్స్ యూజరు పేరున పెట్టాను. మొన్న సెలవుల ప్రోగ్రాము మళ్లీ పడిపోయింది. జీతాలకు వాసనైనా తగల్లేదు.

తలుపు మూసిననాడే సూపరింటెండెంటుగారికి అసలు సంగతి చెప్పేశాను. ఆయన చాలాసేపు నావంక చూసి, "ఆ సంబంధం మాకూ అంత ఇష్టం లేదులెండి" అన్నారు.

నిజమే అన్నారో, నా ముఖం చూసి అన్నారో.