మా ప్రశ్న ఎవరడగాలి?

మా ఐరాల మండలంలోనే కాణిపాకం ఉంది. అక్కడి వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడని పేరు. ఊర్లో ఏదైనా వస్తువు పోతే, అనుమానం ఉన్నవాళ్ళను గుడికి పిలిచి ప్రమాణం చేయమంటారు. నాయకులు కూడా ఒకరి మీద ఒకరు నింద వేసుకున్నప్పుడు ‘దమ్ముంటే కాణిపాకం రా’ అని సవాళ్ళు విసురుకుంటారు. వాళ్ళకు అది ఒక రోజు పేపర్లో వచ్చి పోయే మాట. ఎరుకల వాళ్ళమైన మాకు ‘నువ్వు తీసినావా, లేదా?’ అన్నది తరతరాల మాట. మా తాతలను అడిగారు, నాయనలను అడిగారు, ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లోళ్ళనూ అడుగుతున్నారు. మమ్మల్ని అడిగేవాళ్ళకు ఏనాడూ కొదవ లేదు. మా తరఫున ప్రభుత్వాన్ని అడిగేవాళ్ళు ఎవరు? యువకులూ, తోటి టీచర్లూ ఆలోచించాల్సిన విషయం ఇది.

శాసనసభ కూర్చున్న రోజు మొదటి గంట ప్రశ్నలది. సభ్యుడు ముందుగా రాసి ఇచ్చిన ప్రశ్నకు మంత్రి జవాబు చెప్పాలి. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో చెబుతారు, దాని మీద ఉపప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతలో జవాబు వస్తుంది. ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉందా, ఫలానా కేసులో చార్జిషీటు వేశారా అన్నవి ఆ గంటలో అడగవచ్చు. మన ఇంటి ముందుకు రాని అధికారి కూడా ఆ ప్రశ్న కోసం ఫైలు దులిపి లెక్క రాసి పంపాల్సిందే. ఆ గంటకు ఉన్న బలం అదే.

మరి ఆ గంటలో మనవాళ్ళు ఎందరు? ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలుంటే ఎస్టీలకు 7. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. అన్నీ ఉత్తరాన, గోదావరి వైపు ఏజెన్సీలో ఉన్నవే. రాయలసీమలో ఒక్కటీ లేదు. 2011 లెక్కల ప్రకారం పాత చిత్తూరు జిల్లాలో ఎస్టీలం నూటికి నలుగురికి కాస్త తక్కువ. యానాదులు, ఎరుకలు, సుగాలీలు ఊరూరా చెదిరి ఉన్నారు. ఎక్కడా ఒక నియోజకవర్గాన్ని గెలిపించేంత గుంపుగా లేము. మా ఐరాల చేరిన పూతలపట్టు ఎస్సీ రిజర్వుడు స్థానం. మా కులం మనిషి సభలో లేచి నిలబడి మా మాట అడిగే దారి ఇప్పట్లో లేదు.

అలాగని మా గురించి అడిగినవాళ్ళు ఎప్పుడూ లేరని కాదు. ఆ చరిత్ర మన పిల్లలకు పాఠం చెప్పినంత వివరంగా చెప్పాలి.

తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజ్యానికీ వచ్చింది. మన వైపు ఎరుకలనూ, కొన్నిచోట్ల యానాదులనూ ఆ జాబితాలో చేర్చారు. జాబితాలో పేరున్నవాడు వేలిముద్ర ఇవ్వాలి, పిలిచిన వేళకు హాజరు పలకాలి, ఊరు దాటితే చెప్పి పోవాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. దొంగతనం చేసినా చేయకపోయినా, ఆ కులంలో పుట్టడమే కేసు.

రాజ్యాంగ సభలో 1948 డిసెంబరులో, దేశంలో ఎక్కడికైనా తిరిగే హక్కు మీద చర్చ నడుస్తుండగా హెచ్.జె. ఖాండేకర్ అనే సభ్యుడు ఈ సంగతి లేవనెత్తారు. పౌరులందరికీ తిరిగే స్వేచ్ఛ ఇస్తున్నారు సరే, నేరస్థ జాతులని పేరుపెట్టి కట్టేసిన జనం సంగతేమిటని ఆయన నిలదీశారు. ఆయన మన తెగల మనిషి కాదు, నాగపూర్ వైపు దళితుడు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ చట్టం మీద ఒక విచారణ సంఘం వేసింది. దాని అధ్యక్షుడు ఎవరో కాదు, మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తర్వాత లోక్‌సభ స్పీకరు అయినాయనే. ఆ సంఘం నివేదిక మీద 1952 ఆగస్టు 31న చట్టం దేశమంతా రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త జాతులు పండుగలా చేసుకుంటారు. ఐరాల నుంచి తిరుచానూరు ఎంత దూరమని! అయినా మన జిల్లా బళ్ళలో ఈ సంగతి తెలిసిన పిల్లోడు కనపడడు.

అయితే ఆ కథలో రెండో సగం కూడా చెప్పాలి. చట్టం తీసేయమన్న ఆ సంఘమే దాని స్థానంలో అలవాటుపడ్డ నేరస్థుల కోసం వేరే చట్టం ఉండాలని సిఫారసు చేసింది. మన రాష్ట్రంలో 1962లో అలాంటి చట్టం వచ్చింది. ఇది కులం పేరు చెప్పదు, మనిషి పేరు చెబుతుంది. కానీ స్టేషన్లో పాత పుస్తకం చూసి కొత్త పుస్తకం రాసేటప్పుడు ఏ కాలనీ పేర్లు ముందు ఎక్కుతాయో మాకు తెలుసు. మా కోసం ఇతరులు అడిగితే సగం మేలు జరిగింది. మిగిలిన సగం ఆగిపోయింది, ఎందుకంటే జవాబు రాసే బల్ల దగ్గర మేము లేము. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్యా శాంత కేసులో తీర్పు ఇస్తూ, జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచడం రాజ్యాంగ విరుద్ధమన్నది. విముక్త జాతులవాళ్ళను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకు చెప్పింది. చట్టం రద్దయిన 72 ఏళ్ళకు కూడా ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే పుస్తకం ఇంకా మూయలేదనే అర్థం.

ఇక ఆసుపత్రి సంగతి. ప్రభుత్వ నిబంధన ప్రకారం మైదానంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ. గిరిజన, కొండ ప్రాంతాల్లో అయితే 3,000కు, 20,000కు ఒకటి. మేము ఎస్టీలమే గాని మా కాలనీలు మైదానంలో ఉన్నాయి. ఊరి చివర ఇరవై ముప్పై ఇళ్ళు. కాబట్టి మైదానం లెక్కే మాకూ. చెరకు కోతకో, ఇటుక బట్టీకో కుటుంబం మూడు నెలలు పోతే, కడుపుతో ఉన్న ఆడకూతురి కార్డులో ఆ మూడు నెలలూ ఖాళీ. తిరిగొచ్చాక ‘ఇన్నాళ్ళు యాడికి పోయినావు?’ అని ఆమెనే అడుగుతారు. అక్కడా ప్రశ్న మనకే.

సభలో గిరిజన ఆరోగ్యం మీద ప్రశ్న వస్తే ఎక్కువగా ఏజెన్సీ డోలీల గురించే వస్తుంది. అది న్యాయమే. రోడ్డు లేక నిండు గర్భిణిని కర్రకు కట్టి మోసే బాధ ముందు ఏ బాధైనా చిన్నదే. కానీ ప్రశ్నలో ‘ఏజెన్సీ ప్రాంతాల్లో’ అని రాస్తే జవాబు కూడా ఏజెన్సీ దగ్గరే ఆగుతుంది. ఐరాల, పూతలపట్టు, బంగారుపాళెం లెక్కలోకి రావు. మంత్రి అబద్ధం చెప్పినట్టు కాదు, మన సంగతి ఎవరూ అడగలేదంతే.

ఆరోగ్యం ఒక శాఖ, పోలీసు ఇంకో శాఖ. ఇద్దరు మంత్రులు, రెండు జవాబులు. కానీ పేదవాడి బతుకులో ఈ రెండూ ఒక కాగితం మీద కలుస్తాయి. అది డాక్టరు రాసే కాగితం. ఎవరినైనా అరెస్టు చేస్తే ప్రభుత్వ డాక్టరు పరీక్షించి, ఒంటి మీద దెబ్బలుంటే రాసి, ఆ నివేదిక నకలు అరెస్టయిన మనిషికో అతను చెప్పిన మనిషికో ఇవ్వాలి. ఇది చట్టంలో ఉంది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. మాకు తెలిసిన ఒక కాలనీలో పొలం దగ్గర మోటారు కేబులు పోయిందని ఇద్దరు పిల్లోళ్ళను పిలిపించి రెండు రాత్రులు ఉంచుకున్నారు. తర్వాత కేబులు వేరే చోట దొరికింది, వీళ్ళను పొమ్మన్నారు. అరెస్టు అని రాయలేదు, కాబట్టి డాక్టరు చూడలేదు, కాబట్టి కాగితం లేదు. నడవలేకుండా వచ్చిన మనవడిని చూసి వాళ్ళ అవ్వ అన్న మాట ఇది: “రేయ్ నాయనా, యానికైనా రాయించుకోని రావాల్సిందిరా, రేపు మనం చెప్తే ఎవురు నమ్ముతారు?” బడి మొహం చూడని ఆ అవ్వకు న్యాయం ఎక్కడ తప్పిపోతుందో తెలుసు.

పెద్ద కేసుల్లోనూ ఇదే కనబడుతుంది. విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 2007 ఆగస్టు 20న పోలీసు బలగాలు తమ మీద అత్యాచారం చేశాయని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. అప్పటి పాడేరు శాసనసభ్యుడు లకే రాజారావు వాళ్ళ పక్షాన నిలిచారు. 2023 ఏప్రిల్ 6న ప్రత్యేక కోర్టు నిందితులైన 13 మంది పోలీసులను నిర్దోషులని విడిచిపెట్టింది. దర్యాప్తులో లోపాలున్నాయని చెబుతూనే ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. మన శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో తమిళనాడు కూలీలు 20 మంది చనిపోయారు. వాళ్ళలో జవ్వాది కొండల ఆదివాసులున్నారు. ఆరు మృతదేహాలకు హైకోర్టు ఆదేశంతో మళ్ళీ పోస్టుమార్టం చేయాల్సి వచ్చింది. రెండు చోట్లా మొదటి రోజుల్లో రాసిన కాగితం మీదే అంతా తిరిగింది.

కాబట్టి సభలో ప్రశ్న కూడా కాగితంలాగే పక్కాగా ఉండాలి. వదులుగా అడిగితే ‘లేదండి’ అని ఒక జవాబు, దాని కింద ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని ఇంకో జవాబు వస్తాయి. ‘గిరిజనులకు వైద్యం అందడం లేదన్నది వాస్తవమేనా?’ అని అడిగితే ‘వాస్తవం కాదు’ అనడం సులువు. ఇలా అడిగితే? ‘చిత్తూరు జిల్లాలో ఏజెన్సీ కాని మండలాల్లో ఎస్టీ కాలనీలు ఎన్ని? గత మూడేళ్ళలో వాటికి ఏఎన్ఎం వెళ్ళిన రికార్డు మండలాల వారీగా ఏది? హిస్టరీ షీట్లలో ఉన్న ఎస్టీలు ఎందరు? వాళ్ళలో ఒక్క కేసులోనూ శిక్ష పడనివాళ్ళు ఎందరు?’ వీటికి అంకె చెప్పాలి, లేదా అంకె లేదని ఒప్పుకోవాలి. రెండూ మనకు పనికొస్తాయి.

ఈ ప్రశ్న వేయడానికి సభ్యుడు ఎస్టీ కానక్కరలేదు. మా ఓటు కూడా అడిగి గెలిచిన మనిషి అయితే చాలు. ఖాండేకర్ అడగలేదా? శాసనమండలిలో ఉపాధ్యాయులు ఎన్నుకున్న సభ్యులున్నారు. మా జిల్లా తూర్పు రాయలసీమ ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఉంది. ప్రాథమిక బడి టీచర్లకు ఆ ఓటు లేదు గాని, హైస్కూలు టీచర్లకు ఉంది. ఓటు అడగడానికి వచ్చినప్పుడు జీతాలు, బదిలీలతో పాటు ఈ కాగితం కూడా వాళ్ళ చేతిలో పెట్టాలి. ఇంకో చోటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాల ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. ఎంపీలు, ఎమ్మెల్యేలు అందులో సభ్యులు, ఎస్పీ కూడా ఉంటారు. కిందటి సమావేశం ఎప్పుడు జరిగిందని అడగడమే మన మొదటి ప్రశ్న కావచ్చు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఈ పనికి పెద్ద చదువు అవసరం లేదు. ఒక నోటు పుస్తకం చాలు. కాలనీకి ఏఎన్ఎం వచ్చిన తేదీ రాయండి, రాని నెల కూడా రాయండి. 108కు ఫోన్ చేసిన టైము, బండి వచ్చిన టైము రాయండి. స్టేషనుకు ఎవరిని ఎప్పుడు పిలిచారు, ఎప్పుడు పంపారు రాయండి. మా తాతల పేర్లు ఒక పుస్తకంలో ఎక్కించి ఏళ్ళ తరబడి హాజరు పిలిచారు. ఇప్పుడు మన చేతిలో ఒక పుస్తకం ఉండాలి, ఇంకొకరి హాజరు అందులో పడాలి.

తోటి టీచర్లకు ఒక మాట. బళ్ళో మనం పిల్లలకు జవాబులు రాయడం నేర్పిస్తాం. ప్రశ్న ఎప్పుడూ పేపరు ఇచ్చేవాడిదే. వారానికి ఒక్క పీరియడు దాన్ని తిప్పేద్దాం. ఊరి పీహెచ్‌సీ గురించి, రేషన్ కార్డు గురించి, స్టేషను గురించి పిల్లలనే ప్రశ్నలు రాయమందాం. ‘ఎందుకు’ అని ఊరుకోకుండా ఎన్ని, ఎప్పుడు, ఎవరు అని రాయమందాం. బాగా రాసిన వాటిని శుభ్రంగా రాయించి, పెద్దల సంతకాలతో ఎమ్మెల్యే ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుందాం. ఆ ముద్ర పడ్డ నకలు బడి బీరువాలో దాచి, వచ్చే సమావేశాల రోజు పిల్లల ముందు తీసి, మన ప్రశ్న వచ్చిందో లేదో కలిసి చూద్దాం. రాకపోతే మళ్ళీ రాద్దాం.