ఊఁ కొట్టే మనిషి

"ఈ పిల్లతో ఇంట్లో మాట్లాడేదెవరు పిన్నిగారూ?" అని మా అంగన్‌వాడీ టీచరమ్మ అడిగిన రోజున నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ముగ్గురిని కని, పెంచి, పెళ్లిళ్లు చేసినదాన్ని. నా కూతురి యీడుది, నన్ను అడగవలసిన ప్రశ్నేనా అది! "ఎవరేమిటమ్మాయ్, మేము లేమూ?" అని విసురుగా అనేసి, మనవరాలిని చంకనేసుకుని ఇంటికి వచ్చేశాను. తీరా దాన్ని వాకిట్లో దింపి, ఆ ప్రశ్నకు నిజమైన జవాబు వెతుక్కుంటే దొరకలేదు.

మాది సంగం జాగర్లమూడి. గుంటూరు నుంచి తెనాలి వెళ్లే ప్యాసింజరు ఎక్కితే, వేజెండ్ల తరవాత, అంగలకుదురుకు ముందు వచ్చే స్టేషను. సంగమేశ్వరస్వామి గుడి వున్న ఊరంటే చప్పున గుర్తుపడతారు. గుంటూరు వాళ్లు తాగే కృష్ణ నీళ్లు మా ఊరి దగ్గర తోడి పంపేవేనని మావారు వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతారు. మా అమ్మాయి, అల్లుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగాలు. పిల్లకు ఏడాది నిండి, నిండకుండానే ఇద్దరికీ రాత్రిళ్లు కూడా పని. పెట్టిన ఆయా నెలకొకతె మారిపోతున్నదని అమ్మాయి ఏడిస్తే, "తీసుకొచ్చి నా దగ్గర పడెయ్యవే, నేను చచ్చానా?" అన్నది నేనే. అలా వచ్చింది మా చంటిది.

గర్వంగా పెంచాను, చెప్పొద్దూ! వేళకు స్నానం, వేళకు నిద్ర, నెయ్యి వేసిన పప్పన్నం. అన్నం దగ్గర మాత్రం పేచీ పెట్టేది. అల్లుడు ఇచ్చి వెళ్లిన పాత సెల్‌ఫోన్ ఒకటి వుండేది. అందులో బొమ్మలు పెట్టి ఎదురుగా నిలబెడితే, దాని నోరు దానంతట అదే తెరుచుకునేది. పది నిమిషాల్లో గిన్నె ఖాళీ. ఇరుగమ్మ పొరుగమ్మలకు నేనే ఈ ఉపాయం నేర్పాను కూడాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మా అమ్మ మమ్మల్ని చందమామను చూపించి తినిపించేది. చందమామ అయితేనేం, ఫోను అయితేనేం, రెండూ చూపించి మరిపించడమే గదా అనుకునేదాన్ని. ఒక్క తేడా వుందని చాలా ఆలస్యంగా తెలిసింది. చందమామ మాట్లాడడు. కనుక ఆయన తరఫున అమ్మ మాట్లాడేది. మేము అడిగితే జవాబు చెప్పేది, మేము చూపించిన మబ్బు పేరు చెప్పేది. ఫోను తనే మాట్లాడేస్తుంది. అందుచేత తినిపించే మనిషి నోరు మూసుకుని ముద్దలు కలుపుకోవచ్చు. నేను అదే చేశాను, ఏడాది పాటు, రోజుకు మూడు పూటలా.

రెండేళ్లు నిండాయి. దాని వయసు పిల్లలు "అమ్మా దా", "పాలు ఇవ్వు" అని రెండేసి మాటలు కలుపుతుంటే, మా దానికి మొత్తం ఐదారు మాటలు. ఏది కావాలన్నా నా వేలు పట్టుకుని లాక్కుపోవడమే. "మేనమామ పోలిక, వాడికీ మాట ఆలస్యమే" అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎవరో వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయమన్నారు. వస పోస్తే పిల్లలు వసపిట్టల్లా మాట్లాడతారని మా అత్తగారు కూడా అనేది. రాశాను. తరవాత డాక్టరు వినేసరికి నన్ను మందలించి, అది పిల్లలకు మంచిది కాదు, ఇంకెప్పుడూ పెట్టవద్దన్నాడు.

ఇలా కాదు, పదిమంది పిల్లల్లో పడితే అదే వస్తుందని, రెండున్నరేళ్లకే పట్నంలో ఒక ఇంగ్లీషు నర్సరీలో వేశాము. పేరు అనవసరం. టై, బూటు, ఎనిమిదింటికి వ్యాను. ఒక గదిలో నలభై మంది. రాత రాని వేళ్లతో ఏ, బీ, సీ, డీ దిద్దించడం, దిద్దకపోతే మూల నిలబెట్టడం. నెల తిరిగేసరికి పిల్ల పక్క తడపడం మొదలుపెట్టింది. వ్యాను హారను వినిపిస్తే నా చీర కుచ్చిళ్లలో దూరేది. వచ్చిన ఐదారు మాటల్లో "తాత" అనే మాట కూడా పోయింది. మాన్పించేశాను. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. అది పెద్ద విచారం కాదు.

మా బజారులోనే అంగన్‌వాడీ వున్నది. అదేదో లేనివాళ్ల పిల్లలకు గుడ్డు, పాలు పెట్టే చోటు అని నా అభిప్రాయం. పేరు రాసుకోవడానికి ఆయమ్మ వస్తే, "మా పిల్లకెందుకమ్మా, ఎవరన్నా పేదవాళ్లకు ఇవ్వండి" అని గొప్పగా పంపేసినదాన్ని. 1975 అక్టోబరు 2 న దేశమంతటా 33 చోట్ల ప్రయోగంగా మొదలైన పథకం అది. ఆరేళ్లలోపు పిల్లలందరికీ అందాలని 2001 లో సుప్రీంకోర్టు ఆదేశించిన సంగతి నాకు తెలియదు. తెలిస్తే మాత్రం వెళ్లేదాన్నా? ఏమో. బరువు తూచాలి, ఒక్కసారి తీసుకురమ్మని ఆయమ్మ నాలుగోసారి వచ్చి అడిగితే, మొహమాటానికి వెళ్లాను.

తూచారు. దండకు రంగుల పట్టీ చుట్టి చూశారు. పచ్చరంగులోనే వున్నది. నా నెయ్యీ పప్పూ వృథా పోలేదని నేను సంతోషిస్తూ వుంటే, ఆ టీచరమ్మ పిల్ల వెనక్కు వెళ్లి మెల్లిగా గిలక ఆడించింది. పేరు పెట్టి పిలిచింది. దాని ముఖంలోకి చూస్తూ ఏదో అడిగి, చాలాసేపు ఆగింది. పిల్ల నా కొంగు లాగింది. అప్పుడు అడిగింది, నేను మొదట చెప్పిన ప్రశ్న.

మర్నాడు ఆమే మా ఇంటికి వచ్చింది. కోపం తెచ్చుకోలేదు. "ముందు చెవులు చూపించండి పిన్నిగారూ. వినపడని పిల్లకు మాట ఎలా వస్తుంది? మాట ఆలస్యమైన ప్రతి పిల్లకూ ఒకటే కారణం వుండదు. తెలుసుకోకుండా మనం అనుకోకూడదు" అన్నది. ఆ రాత్రి అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. "నా దగ్గరే వుంటే ముందే తెలిసేదేమో నమ్మా" అన్నది చివరకు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే మరీ గుచ్చుకున్నది. పరీక్షలో ఏది తేలినా పిల్లను తీసుకుపోతానన్నది. నాకు నిద్ర లేదు. పక్కన పడుకున్న దాని చెవి దగ్గర చిటికె వేసి చూశాను, రెండుసార్లు. కదలలేదు. నిద్రలో వున్న పిల్ల కదలదని ఆ క్షణంలో నాకు తోచలేదు.

గుంటూరులో, నిద్రపుచ్చి తలకు తీగలు అంటించి చేసే పరీక్ష చేశారు. చెవులు బంగారంలా వున్నాయన్నారు. వెంట వచ్చిన మావారు డాక్టరు అడిగినదానికల్లా "ఆఁ? ఏమిటీ?" అంటూ వుంటే, ఆయన నవ్వి ఈయనను కూడా కూర్చోబెట్టి పరీక్షించాడు. పిల్లకు చెవి పరీక్ష చేయించబోతే తాతకు చెవి మిషను వచ్చింది! పదేళ్లుగా ఆయన ఎందుకు మౌనముని అయిపోయారో అప్పుడు నాకు అర్థమైంది. డాక్టరు ఫోను సంగతి అడిగాడు. నేను సగం తగ్గించి చెప్పాను. అదే ఆయనకు ఎక్కువనిపించింది. రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించకూడదనీ 2019 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందట. "అమ్మా నాన్నలతో ఫోనులో చూసి మాట్లాడుకోవడం వేరమ్మా. అక్కడ అవతల జవాబిచ్చే మనిషి వుంటారు" అన్నాడు. మూడు నెలలు చూసి మళ్లీ తీసుకురమ్మన్నాడు. అమ్మాయి ఆ మూడు నెలల గడువే నాకూ ఇచ్చింది.

మూడేళ్లు నిండకపోయినా టీచరమ్మ దాన్ని వచ్చి కూర్చోనిచ్చింది, నన్ను కూడా. ఆమె చేసేది చూస్తే ఏమీ చేస్తున్నట్టు వుండదు. నేల మీద, పిల్లల ఎత్తున కూర్చుంటుంది. మా చంటిది కిటికీ వైపు వేలు చూపిస్తుంది. "కాకి" అంటుంది ఆమె. ఆగుతుంది. పిల్ల ఆమె వంక చూస్తుంది. "కాకి వచ్చింది. కాకికి ఏం కావాలిట?" మళ్లీ ఆగుతుంది. జవాబు రాకపోతే చెప్పేసి, తొందరపడకుండా ఇంకో సంగతి ఎత్తుకుంటుంది. పెద్దపిల్లలు చింతగింజలు లెక్కపెడుతుంటే, నోట్లో పెట్టుకునే చిన్నవాళ్లకు కొబ్బరిచిప్పలు, ఖాళీ డబ్బాలు ఇస్తుంది. గుడుగుడు గుంచెం ఆడిస్తుంది. గుడ్డు ఒలిచేటప్పుడు ఒలుస్తున్నాను అని చెబుతుంది. చెయ్యి కడిగేటప్పుడు నీళ్లు చల్లగా వున్నాయా అని అడుగుతుంది.

"మీరు, అది వేలు చూపించగానే ఇచ్చేస్తున్నారు పిన్నిగారూ. కాస్త ఆగండి" అన్నది నాతో.

"ఎంతసేపు ఆగమంటావమ్మాయ్?"

"మనసులో పది లెక్కపెట్టండి."

నాకు మూడు దాకానే ఓపిక. నాలుగో అంకెకు చెయ్యి దానంతట అదే పాలగ్లాసు అందించేది. ఒకనాడు ఎనిమిది దాకా వెళ్లాను. "పాయి" అన్నది. వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాను.

నా పిల్లలకు ఇవన్నీ ఎవరు చేశారు అని తరవాత ఆలోచించాను. నేను చేసినట్టు గుర్తు లేదు. నేను పొయ్యి దగ్గర వుండేదాన్ని. మా అత్తగారు, ఇద్దరు ఆడబడుచులు, పాలేరు, చల్లకు వచ్చే ముసలమ్మ, అరుగు మీద పేపరు చదివే మామగారు... ఏ పిల్ల ఏమన్నా, ఎవరో ఒకరు ఊఁ కొట్టేవాళ్లు. ఆ పుణ్యమంతా నా ఖాతాలో వేసుకుని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. ఇప్పుడు ఆ ఇంట్లోనే చెవులు వినపడని తాత, టీవీ సీరియలు చూసే అమ్మమ్మ, ఫోను. ఎవరూ లేరు మరి.

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతున్నాను. అంగన్‌వాడీ అన్న మాటను వాడుకలోకి తెచ్చినావిడ తారాబాయి మోడక్ అట. పిల్లలు బడికి రాలేకపోతే బడే వాళ్ల ముంగిట్లోకి పోవాలని మహారాష్ట్రలో ఆదివాసీల మధ్య బతుకంతా ధారపోసింది. 1939 లో మద్రాసు అడయారుకు మరియా మాంటిసోరీ వచ్చి పంతులమ్మలకు తరిఫీదు ఇచ్చింది. ఆ మాంటిసోరీ పేరుతోనే 1955 లో కోటేశ్వరమ్మగారు బెజవాడలో చిన్నపిల్లల బడి పెట్టారు. రేడియో అన్నయ్య, అక్కయ్యల బాలానందం నా చిన్నప్పుడు నేనూ విన్నాను. అందులో పెద్దవాళ్లు పిల్లలకు నీతులు చెప్పి ఊరుకోలేదు, పిల్లల చేత మాట్లాడించారు.

వీటన్నిటికంటె నన్ను పట్టుకున్నది జమైకా ముచ్చట. అక్కడి కింగ్‌స్టన్‌లో 1986-87 లో, ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లలను తీసుకుని, కొందరి ఇళ్లకు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్లు ఆరోగ్య కార్యకర్తలను పంపారు. వాళ్లు చేసినదల్లా, పిల్లతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించడం. బొమ్మలు కూడా ఇంట్లో పారేసే వస్తువులతో చేసినవే. ఇరవై ఏళ్లు పోయాక చూస్తే, ఆ పిల్లలు అటువంటి సాయం అందని తోటివాళ్లకంటె నూటికి 25 వంతులు ఎక్కువ సంపాదిస్తున్నారని 2014 లో ప్రకటించారు. పాలపిండి మాత్రం ఇచ్చి ఊరుకున్న పిల్లలలో ఆ తేడా కనిపించలేదు. నా నెయ్యీ పప్పూ గుర్తుకు వచ్చాయి.

ఒక మాట చెప్పకుండా వుండలేను. ఆ టీచరమ్మకు పిల్లలతో కూర్చునే తీరిక ఎంత? రిజిస్టర్లు రాయాలి. ఫోనులో యాప్ తెరిచి ఎవరికి ఏం పెట్టారో ఎక్కించాలి. అది తిరగక తిరగక తిరుగుతుంటే, ఎదురుగా పిల్ల కాకిని చూపిస్తూ వుంటుంది. మాట్లాడవలసిన మనిషిని ఫోనుకు కట్టెయ్యడం నా ఇంట్లోనే అనుకున్నాను, అక్కడ కూడానా! పైగా వాళ్లకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు వాళ్లు సమ్మె చేసినప్పుడు, "వీళ్లకేం పని, గుడ్లు పంచడమేగా" అని పేపరు మడిచి పెట్టినదాన్ని నేనే. ఇప్పుడు ఎవరన్నా అలా అంటే పోట్లాటకు దిగుతున్నాను. మావారు మిషను తీసి జేబులో పెట్టుకుంటారు.

మూడు నెలలు గడిచాయి. డాక్టరు బాగుందన్నాడు. ఇంకో ఆరు నెలలకు రమ్మన్నాడు. కొన్ని అక్షరాలు ఇంకా పలకదు. "ర" దానికి "య". అమ్మాయి వచ్చి వారం వుండి, పిల్లను తీసుకుపోయే మాట ఎత్తకుండా వెళ్లింది. నెలకు రెండుసార్లు శని, ఆదివారాలు వస్తున్నారు. బడి వేళకు ఎలాగూ తీసుకుపోతారు, తీసుకుపోవాలి కూడా. అది వేరే సంగతి.

నిన్న సాయంత్రం పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి వచ్చాను. చంటిది నన్ను కూలేసి కథ మొదలుపెట్టింది. కాకి వచ్చిందిట, కాలవలో పడిందిట, తాత తీశాడట, కాకి బువ్వ తిన్నదిట, మళ్లీ కాలవలో పడిందిట. లోపల పాలు పొంగిన వాసన. నేను లేవబోయాను. రెండు చేతులతో నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"అమ్మమ్మా, ఊఁ అను."