గోల్ఫ్ మీద వచ్చిన ప్రశ్నకు మా జవాబు



మొన్నటి సర్వసభ్య సమావేశంలో ఈ ఏడాది ఆటల పోటీల జాబితా చదివారు. క్యారమ్స్, షటిల్, క్రికెట్, ఆడవాళ్లకు త్రోబాల్. చివర గోల్ఫ్ అనగానే హాలంతా నవ్వింది. వెనక వరసలోంచి ఒక పెద్దాయన "అది డబ్బున్నోళ్ల ఆట గదయ్యా, సంఘం సొమ్ము దానికెందుకు?" అన్నారు. ఆ పేరు జాబితాలో పెట్టించింది మేమే, శనివారం తెల్లారకముందే కలిసి ఆడే నలుగురం. ఆ పూట జవాబు తట్టలేదు. తిరిగొస్తూ కారులో మాట్లాడుకుంటే ఆయన అన్నదాంట్లో సగానికి పైగా నిజమేనని మాకే అనిపించింది. మిగిలినదాని గురించి ఈ నాలుగు మాటలు. కొంచెం పొడుగే, ఓపిక చేసుకోండి.

మేమేం క్లబ్బుల్లో పుట్టి పెరిగినవాళ్లం కాదు. మాలో ఇద్దరు బ్యాంకులో, ఒకరు ఫ్యాక్టరీలో చేసి రిటైరైనవాళ్లు, ఒకరికి చిక్‌పేటలో చీరల కొట్టు. యాభై దాటాక మొదలుపెట్టాం. షుగరు డాక్టరు నడవమన్నాడు, పార్కులో గుండ్రంగా తిరిగి తిరిగి విసుగొచ్చింది, అంతే కారణం. మొదటి రోజు ప్రాక్టీసు రేంజిలో యాభై బంతుల బుట్ట తీసుకుని నిలబడితే పది సార్లు గాలినే కొట్టాం. పక్కన ఎనిమిదేళ్ల పిల్ల నూరు గజాలు దాటిస్తోంది. బంతి కదలదు, ఎవరూ విసరరు, ఎవరూ అడ్డురారు, అయినా తగలదు! చిన్నప్పుడు గాల్లో లేచిన బిళ్లను కొట్టిన చేతులేనా ఇవి అనిపించింది.

తర్వాత ఎప్పుడో ఒకటి సరిగ్గా తగిలింది. విచిత్రం ఏమిటంటే, బాగా తగిలినప్పుడు చేతికి ఏమీ తెలియదు. టక్‌మని చప్పుడు, తలెత్తేసరికి బంతి చెట్ల మీదుగా పోతూ ఉంటుంది. ఆ ఒక్కదాని కోసమే మళ్లీ శనివారం నాలుగున్నరకు అలారం పెట్టుకుంటాం. పద్దెనిమిది హోళ్లు 72 దెబ్బల్లో ముగించాల్సిన చోట మా లెక్క నూట అయిదు, నూట పది. మూడు వందల గజాలు రెండు దెబ్బల్లో దాటి, చివరి రెండడుగులకు మూడు దెబ్బలు తీసుకుంటాం. హోలు వెడల్పు నాలుగుంపావు అంగుళాలే. బంతి దాని అంచు చుట్టూ ప్రదక్షిణం చేసి ఇంటికెళ్లిపోయినట్టు పక్కకు పోతుంది. పోయిన బంతిని వెతకడానికి పూర్వం అయిదు నిమిషాలిచ్చేవారు, 2019 నుంచి మూడే. మా చీరల కొట్టాయన ఆ రూలును ఇంతవరకు ఒప్పుకోలేదు. బంతి ధర తెలిసిన మనిషి.

మాకు బాగా నచ్చింది ఇంకోటుంది. మేమాడే ఆటలో అంపైరు ఉండడు. పొదల్లో బంతిని కాలితో కాస్త జరిపినా చూసేవాళ్లు లేరు. మాలో ఒకరు ఒకసారి అలా జరిపారు. మూడు హోళ్లు గడిచాక ఆయనే చెప్పి పెనాల్టీ కలుపుకున్నారు. ఆ రోజు టిఫినూ ఆయనే పెట్టించారు, అది వేరే సంగతి.

ఇక పెద్దాయన అన్నదానికొద్దాం. మన ఊళ్లో బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876 నాటిది. కలకత్తాలోది 1829 నాటిది. దొరలు తమకోసం వేసుకున్న ఆట, తర్వాత మన దొరలు అందుకున్నారు. పేరున్న క్లబ్బుల్లో సభ్యత్వం కావాలంటే లక్షలు కావాలి, ఏళ్ల తరబడి వరసలో ఉండాలి. మేం ఎక్కడా సభ్యులం కాదు. ఊరికి దూరంగా, ఆటకింత అని కట్టించుకునే చోట ఆడతాం. అదీ ఖర్చే. ఇంట్లో బిల్లు చూపించం.

డబ్బు కంటే నేల, నీళ్లు మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఊరి నడుమ అంత పచ్చిక ఎంతమందికోసం? మద్రాసులో గిండీ రేస్ కోర్సు నేలను 2024లో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఆ గుర్రాల పందెపు బాట నడుమ పాత గోల్ఫ్ మైదానం ఉండేది. అలాంటి ప్రశ్న రేపు ఇక్కడా వస్తుంది, రావాలి కూడా. అదే ఏడాది వేసవి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. తాగునీళ్లతో తోట తడిపినా, కారు కడిగినా అయిదు వేల జరిమానా అన్నారు. మేమాడే చోట శుద్ధి చేసిన మురుగునీరే వాడతామన్నారు. నిజమే, సాయంత్రం వాసన కూడా వస్తుంది. అయినా అపార్ట్‌మెంటులో ట్యాంకరు కోసం కాచుకుని, అటుపోయి పచ్చిక మీద నడవడానికి మనసొప్పలేదు. రెండు నెలలు మానేశాం.

తిరిగి వెళ్లినప్పుడు మా క్యాడీ పెద్దాయన అడిగిన మొదటి మాట, "రెండు నెల్లు మీరు రాకపోతే నా గతేంది సార్?"

ఆయనది ముల్బాగల్ పక్క పల్లె. మేం తెలుగులో పోట్లాడుకోవడం విని "మీరూ మనోళ్లేనా" అని దగ్గరయ్యారు. ఇరవై ఏళ్లకు పైగా సంచి మోస్తున్నారు. నెల జీతం లేదు. ఆటకింత, వానొస్తే అదీ లేదు. నీళ్లు ఆదా చేశామని మేం గర్వపడుతుంటే, ఆయన ఆ రెండు నెలలు పెళ్లి మంటపంలో గిన్నెలు తోమారట. ఆ సంగతి మాకు తట్టనే లేదు.

సోమవారం కోర్సుకు సెలవు. ఆ రోజు క్యాడీలు ఆడుకుంటారు. ఒక సోమవారం ఆయన పిలిస్తే చూడ్డానికి వెళ్లాం. ఎవరెవరో పారేసిన కర్రలు, ఒకదానికొకటి జత కానివి, కాళ్లకు మాలో ఒకరిచ్చిన పాత బూట్లు. 76 కొట్టారు. మేం నోరు మూసుకుని వెనకాల నడిచాం. మాకు రోజూ "తలెత్తొద్దు సార్, బంతి యాడికి పోయిందో నేను చూస్తా" అని ఎందుకంటారో ఆ రోజు అర్థమైంది.

ఈ ఆటను మన దేశంలో నిలబెట్టినవాళ్లలో ఆయనలాంటివాళ్లు తక్కువేం కాదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా చేసినవాడు. 2009లో అదే టోర్నీ గెలిచిన మునియప్ప మన బెంగళూరు క్యాడీ. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, ఒక్క మెట్టులో పతకం తప్పిపోయిన అదితి అశోక్‌దీ ఈ ఊరే. ఆ రోజు సంచి మోసింది వాళ్లమ్మ. ఆ పొద్దున టీవీ ముందు గోల్ఫ్ తెలియనివాళ్లు కూడా కూర్చున్నారు, మన సభ్యుల వాట్సాప్ గ్రూపే సాక్ష్యం. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

మా భయమల్లా ఒకటే. బ్యాటరీ బండ్లు వస్తున్నాయి, మాల్‌లో తెర మీద ఆడే గోల్ఫ్ వచ్చింది. ఆట ఉంటుంది. సంచి మోస్తూ ఆట నేర్చుకునే దారే మూసుకుపోయేలా ఉంది.

కాబట్టి పోటీ మాటను మేమే వెనక్కి తీసుకుంటున్నాం. దానికి సంఘం నుంచి రూపాయి వద్దు. బదులుగా ఒక ఆదివారం ఉదయం, మన పిల్లల్లో ఒక ఇరవై మందిని ప్రాక్టీసు రేంజికి తీసుకెళ్తాం. బంతుల ఖర్చు మా నలుగురిదే. రేంజి మేనేజరు సరేనన్నారు. నేర్పేది మా క్యాడీ పెద్దాయన, ఆయనకు మామూలు కోచ్‌కి ఇచ్చేంత ఇస్తాం. మీ ఇళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలు వస్తానన్నా తీసుకురండి, పేరు కింద కామెంట్లో పెడితే చాలు. వెనక వరస పెద్దాయన తన మనవరాలిని పంపిస్తే ఇంకా సంతోషం.

ఇంకో రోజు కూడా పెడదామా అని ఆయన్ని అడిగాం. "ఏ రోజైనా సరే సార్, సోమారం మాత్రం వద్దు" అన్నారు.