నెమ్మదైనవాళ్లు ముందు బయలుదేరే పందెం

మేముండే మెల్‌బోర్న్ చుట్టుపక్కల పల్లెల్లో ఒక రకం సైకిల్ పందెం జరుగుతుంది. అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాళ్లను ముందు వదులుతారు. కొన్ని నిమిషాలు ఆగి వాళ్లకన్నా కాస్త గట్టివాళ్లను, ఆ తర్వాత ఇంకాస్త గట్టివాళ్లను. అందరిలోకీ బలమైనవాళ్లు చిట్టచివర బయలుదేరతారు. మొదటి జట్టు పేరు లిమిట్, ఆఖరి జట్టు పేరు స్క్రాచ్. గమ్యం మాత్రం అందరికీ ఒక్కటే. ఏ జట్టువాళ్లైనా సరే, గీతను ముందు దాటినవాళ్లదే గెలుపు. దీన్ని హ్యాండిక్యాప్ పందెం అంటారు. నెల్లూరు జిల్లా విడవలూరులో పుట్టి, బతుకుదెరువుకు ఇంత దూరం వచ్చిన నేను యాభై దాటాక ఈ పందేల్లో చేరాను. ఇంత న్యాయంగా నడిచే ఆట నేను మరొకటి చూడలేదు. ఇది మా ఊరికీ రావాలని నా కోరిక.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇందులో సగం సంగతి చెప్పకుండానే అర్థమవుతుంది. పాలపళ్ల గిత్తల్ని తెచ్చి ఆరుపళ్ల గిత్తల పక్కన ఎవరూ నిలబెట్టరు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు అని దేనికది వేరు విభాగం. ఇక్కడి సైకిల్ క్లబ్బులు కూడా మామూలు పందేల్లో ఏ, బీ, సీ, డీ అని గ్రేడ్లు చేస్తాయి. హ్యాండిక్యాప్ ఇంకో అడుగు ముందుకేసింది. ఎవరి బలం ఎంతో గుర్తిస్తూనే అందరినీ ఒకే పందెంలో ఉంచుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడూ, అరవై దాటిన అవ్వా ఒకే బహుమతి కోసం ఒకే రోడ్డు మీద తొక్కుతారు.

మా చిన్నతనంలో విడవలూరులో సైకిల్‌కు లోటు లేదు. గంటకింతని అద్దెకు తెచ్చుకుని, సీటు అందక కడ్డీ కిందుగా కాలు దూర్చి తొక్కి నేర్చుకున్న తరం మాది. వారం రోజులు సైకిల్ దిగకుండా తొక్కుతానని ఎవరో ఒకాయన ఊళ్లోకి వచ్చేవాడు. సెంటర్‌లో గిరగిరా తిరుగుతూనే స్నానం, తిండి, అన్నీ. రాత్రి ట్యూబులైట్ల కింద ఊరంతా చుట్టూ చేరేది. సంక్రాంతికి స్లో సైకిల్ పోటీ పెట్టేవాళ్లు. నిజంగా వేగంగా తొక్కే పందెం పెట్టినప్పుడు మాత్రం ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోయేది. కొత్త సైకిలూ, బలమైన కాళ్లూ ఉన్న ఒకరిద్దరు మొదటి మలుపులోనే కనపడకుండా పోయేవాళ్లు. మిగిలినవాళ్లం మధ్యలోనే సైకిళ్లు దిగేవాళ్లం. ఆడపిల్లలు అసలు లెక్కలోనే లేరు. అందరినీ ఒకే గీత మీద నిలబెట్టి ఒకేసారి వదిలితే అదే సమానత్వం అనుకున్నాం.

హ్యాండిక్యాప్ పద్ధతికి విక్టోరియా రాష్ట్రంలో పాత చరిత్రే ఉంది. మెల్‌బోర్న్‌కూ, పడమరన సముద్రపొడ్డున ఉన్న వార్నంబూల్ పట్టణానికీ మధ్య 260 కిలోమీటర్లకు పైగా సాగే పందెం 1895లో మొదలైంది, ఇప్పటికీ జరుగుతోంది. సుమారు వందేళ్లపాటు దాన్ని హ్యాండిక్యాప్‌గానే నడిపారు. గీత ముందు దాటినవాళ్లకు ఒక గౌరవం, అందరికన్నా తక్కువ సమయంలో దూరం ముగించినవాళ్లకు బ్లూ రిబాండ్ అని మరో గౌరవం. ఆ రిబాండ్‌ను 1924, 1926, 1929లో గెలిచినవాడు హ్యూబర్ట్ ఆపర్‌మన్. కుర్రతనంలో సైకిల్ మీద టెలిగ్రాములు పంచినవాడు. పదిహేడేళ్లప్పుడు ఒక పందెంలో మూడో స్థానానికి బహుమతిగా వచ్చిన సైకిలే అతని జీవితాన్ని మలుపు తిప్పింది.

1928లో ఆపర్‌మన్ టూర్ ద ఫ్రాన్స్‌కు వెళ్లాడు. ఆ ఏడాది ఎక్కువ దశల్లో ఒక్కో జట్టునూ విడివిడిగా వదిలారు. పెద్ద జట్లలో పదేసి మంది ఉంటే, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లు కలిసి పంపిన జట్టులో నలుగురే. పదిమంది పంచుకునే ఎదురుగాలిని నలుగురే మోయాలి. వాళ్లలో ముగ్గురు పారిస్ దాకా చేరారు, ఆపర్‌మన్ 18వ స్థానంలో నిలిచాడు. మూడేళ్ల తర్వాత, 1931లో, పారిస్ నుంచి బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగొచ్చే 1,166 కిలోమీటర్ల పందేన్ని 49 గంటల 23 నిమిషాల్లో గెలిచాడు.

ఎదురుగాలి అంత పెద్ద సంగతా అని అడిగేవాళ్లు మధ్యాహ్నం మూడు గంటలకు విడవలూరు నుంచి సముద్రపొడ్డున ఉన్న రామతీర్థం వైపు సైకిల్ తొక్కి చూడాలి. అటూ ఇటూ వరిమళ్లు, రొయ్యల గుంటలు. ఎక్కడా గుట్ట లేదు, ఎక్కడానికి మెట్ట లేదు. అయినా సముద్రం మీద నుంచి వచ్చే గాలి రొమ్ముకు అడ్డంపడి సైకిల్‌ను కదలనివ్వదు. చదును రోడ్డు మీద గంటకు 35 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు మన బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపు చేయాలంటే గాలి మీద పెట్టాల్సిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అదే ముందువాళ్ల చక్రానికి దగ్గరగా వెనక సర్దుకుంటే సుమారు మూడో వంతు శ్రమ మిగులుతుంది. రోడ్డు పందెం కిటుకంతా ఇక్కడే ఉంది.

ఒక చలికాలం ఉదయం విక్టోరియా పశ్చిమ మైదానాల్లో జరిగిన పందెం దీన్ని నా ఒంటికి నేర్పింది. లిమిట్ జట్టులో ఆరుగురం. ఉద్యోగ విరమణ చేసిన నర్సు ఒకామె, గొర్రెలు పెంచే రైతు, కాలేజీ కుర్రాడు, నేను, మరో ఇద్దరు. స్క్రాచ్ వాళ్లకన్నా 25 నిమిషాల ముందు వదిలారు. బయలుదేరగానే ఎవరూ చెప్పకుండానే రెండు వరసలయ్యాం. ఒక వరస ముందుకు సాగుతుంటే రెండోది మెల్లగా వెనక్కి జారుతుంది. ముందుకొచ్చినవాళ్లు కొన్ని క్షణాలు గాలిని కాసి పక్కకు తప్పుకుంటారు. ఆ క్షణాల్లో వేగం పెంచకూడదు, తగ్గించకూడదు. బలముంది గదా అని ఒకరు దూకితే వెనక వరస తెగిపోతుంది. అలసిపోయానని ఒకరు వంతు తప్పించుకుంటే ఆ బరువు మిగతా అయిదుగురి మీద పడుతుంది. నర్సు మాటిమాటికీ ఒకటే మాట అనేది: “ఇదే వేగం, ఇదే వేగం.” కుర్రాడు ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడితే రైతు అతని వంతు కూడా తానే కాశాడు.

చివరి పది కిలోమీటర్లలో వెనక జట్లు ఒక్కొక్కటే కలిశాయి. గమ్యానికి కాస్త ముందు స్క్రాచ్ వాళ్లూ వచ్చేశారు. వాళ్ల చక్రాల హోరు చెవిలో పడుతుండగానే మా నర్సు ఆ గుంపును విడవకుండా పట్టుకుంది. రెండో స్థానంలో గీత దాటింది. ఆమె పరుగులో మా అయిదుగురి ఊపిరీ ఉంది. నేను చాలా వెనక వచ్చాను, అయినా ఆ రోజు సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అన్ని జట్లూ ఇంచుమించు ఒకేసారి గమ్యం చేరేలా సమయాలు కట్టేవాళ్లను హ్యాండిక్యాపర్ అంటారు. ఎవరు ఎలా తొక్కుతున్నారు, ఎవరు జబ్బుపడి లేచారు, ఎవరు కొత్తగా బలపడ్డారు, అన్నీ గమనించి నిమిషాలు లెక్కగట్టడం ఏళ్ల తరబడి నేర్చుకునే పని. మనుషుల్ని ఇష్టపడేవాళ్లకే అది వస్తుంది. ఇంకో మంచి ఏర్పాటు ఉంది. క్లబ్బు సభ్యులంతా వంతులవారీగా పందెం మానుకుని మలుపుల దగ్గర జెండా పట్టుకుని నిలబడాలి. అలా నిలబడేవాళ్లు లేకపోతే ఔత్సాహికుల పందెమే లేదు.

కిందటిసారి ఊరికి వచ్చినప్పుడు చిన్నాయనతో ఇదంతా చెప్పాను. ఆయన ముందు ఒప్పుకోలేదు. “అబ్బయా, ముందు పంపిస్తే అది దయ జూపినట్టు గాదా? దయతో గెలిస్తే ఏం గెలుపు?” అన్నాడు.

“కాదు చిన్నాయనా. ముందు వదిలిన సమయం ఎవరినీ గెలిపించదు. గాలిని పంచుకుని ఆఖరు దాకా తొక్కితేనే గెలుస్తారు. గెలిచే వీలు మాత్రం అందరికీ ఉంటుంది” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, “అట్లయితే మన హైస్కూలు ఆడపిల్లల్ని గూడా కలపొచ్చు గదా” అన్నాడు. నాకు కావాల్సిన మాట అదే.

తెలుగునేల మీద సైకిల్ మీద శ్రద్ధ మళ్లీ పెరుగుతోంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ బాట 2023లో తెరిచారు. మా విడవలూరు ఉన్న డెల్టాలో చదును రోడ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఒక సంక్రాంతి ఉదయం, ఎండ ముదరకముందే, విడవలూరు నుంచి రామతీర్థం రామలింగేశ్వరస్వామి గుడి దాకా, అక్కణ్ణించి వెనక్కి పందెం పెట్టొచ్చు. బడిపిల్లలు, పాలు పోసేవాళ్లు, చేపలమ్మేవాళ్లు, రిటైరైన మాస్టార్లు, అందరూ తమ మామూలు సైకిళ్లతోనే రావచ్చు. తలకు హెల్మెట్ తప్పనిసరి. రోడ్డు మీద ఆరబోసిన వడ్లను ఆ పూటకు తీయమని రైతుల్ని అడగాలి, రొయ్యల లారీలను కాసేపు ఆపించాలి, పోలీసు అనుమతి, అంబులెన్సు ఉండాలి. కుర్రాళ్ల బలం నిజమైనదైతే వెనక నుంచి వచ్చి పట్టుకుంటారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు కలిసికట్టుగా తొక్కితే పట్టుకోనివ్వరు.

హెల్మెట్లూ, బహుమతులూ నేను తెస్తాను. వచ్చి జెండా పట్టుకుని మలుపులో నిలబడతాను కూడా. నిమిషాలు కట్టగలిగిన మనిషి కావాలి. ఊళ్లో ప్రతి ఇంటి మంచీ చెడూ తెలిసిన మా చిన్నాయన ఆ పనికి ఒప్పుకున్నాడు.