గూడూరు నేలకు తగ్గ బండి

గూడూరులో నేల ఒక్క రకం కాదు. పడమటగా సైదాపురం దారి పడితే అభ్రకం గనులు, వాటి పక్కన తవ్విపోసిన పలుగురాళ్ల దిబ్బలు. తూర్పున చిల్లకూరు, కోట వైపు, గాజు తయారీకి లారీల్లో పోయే తెల్లటి సిలికా ఇసుక. ఊరి పక్కనే పంబలేరు. నడుమ నిమ్మతోటలు, వరిమళ్లు, గెనిమలు. వీధుల్లోకొస్తే సగం కంకర, సగం దుమ్ము. ఆ దుమ్ములో ఎండ పడితే తళుక్కుమనే అభ్రకం పొరలు. మేం కాకిబంగారం అనేవాళ్లం. పుస్తకంలో నెమలీక పక్కన దాన్నీ దాచుకునేవాళ్లం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఊరు అందులో కలిసింది గానీ, నేను చెప్పేది నెల్లూరు జిల్లా గూడూరు సంగతి, 1990ల మొదటి సగం.

పిలకాయల బండ్లు ఆ నేలను బట్టే పుట్టాయి. తాటికాయల బండి ఉండేది: రెండు కాయలు, వాటి మధ్య ఇరుసుగా ఒక పుల్ల, నెట్టడానికి పంగలకర్ర. ఇసుకలో దిగబడదు, కంకర మీద ఆగదు. అరిగిన సైకిలు టైరు దానికన్నా జోరు. తెగిన హవాయి చెప్పును గుండ్రంగా కోస్తే చక్రాలు. అంగట్లో కొన్న కార్లే మా ఊళ్లో నడిచేవి కావు. వాటికి నున్నటి గచ్చు కావాలి. మా ఇంట్లో ఉన్నదల్లా నాపరాళ్లు పరిచిన వసారా. రాయికీ రాయికీ మధ్య సందులో బుల్లి కారు చక్రం ఇరుక్కునేది. వసారా దిగితే ఇక దాని పని అయిపోయినట్టే.

మా మామ మద్రాసులో పనిచేసేవాడు. గూడూరు వాళ్లకు మద్రాసు పరాయి రాష్ట్రంలా ఉండేది కాదు. పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే సెంట్రల్‌లో దిగొచ్చు. సెంట్రల్ పక్కనున్న పాత మూర్ మార్కెట్ 1985 మే 30న కాలిపోయింది. తర్వాత కట్టిన అంగళ్లనూ జనం మూర్ మార్కెట్ అనే పిలిచారు. ఒక సంక్రాంతికి మామ అక్కణ్నుంచి బిల్డింగ్ బ్లాకుల డబ్బా తెచ్చాడు. ఎరుపు, పసుపు, నీలం ఇటుకలు, మూత మీద ఇల్లు, గాలిమర, విమానం బొమ్మలు. ఏ కంపెనీవో తెలియదు. డెన్మార్క్ లెగో మాత్రం కాదు.

ఆ తేడా ఎంతటిదో చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. ఇంగ్లండులో హిలరీ పేజ్ అనే ఆయన కిడ్డీక్రాఫ్ట్ పేరుతో 1947లో ఇలాంటి ప్లాస్టిక్ ఇటుకలు అమ్మాడు. వాటిని చూసి లెగో వాళ్లు 1949లో తమవి మొదలుపెట్టారు. అవి లోపల డొల్ల. ఒకదాని మీద ఒకటి నిలిచేవి గానీ గట్టిగా పట్టుకునేవి కావు. 1958 జనవరిలో లెగో పేటెంటుకు పెట్టిన ఇటుకకు అడుగున గొట్టాలున్నాయి. కింది ఇటుక బొడిపెలు ఆ గొట్టాలకూ పక్క గోడలకూ మధ్య బిగుసుకుంటాయి. పట్టంతా ఆ గొట్టాలదే. మా డబ్బాలోవి గొట్టాల్లేని ఇటుకలు. ఇల్లు కడితే నిలిచేది. బండి కట్టి వీధిలో తోస్తే మొదటి గులకరాయికే విడిపోయేది.

అప్పుడు మా ఎదురింటివాళ్లు మిద్దె వేస్తున్నారు. మేస్త్రీ టీ తాగడానికి మా వసారా మీదికొచ్చి కూర్చునేవాడు. ఒకరోజు నా బండిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం అబ్బయ్యా, అతుకు మీద అతుకు పెట్టినావే? గోడైనా బండైనా కూలిపోద్ది. కింది అతుకు మీదికి పై ఇటుక నడుం రావాల."

"మా ఇటుకలు చిన్నవి మేస్త్రీ."

"మా ఇటుకలు మాత్రం ఏనుగులా? పద్ధతి ఒకటే."

పోతూపోతూ చారెడు బైండింగ్ వైరు ముక్కలు కూడా ఇచ్చిపోయాడు. మా బండి చట్రం ఆయన చెప్పినట్టే తయారైంది. పొడుగు ఇటుకలను అతుకులు తప్పించి మూడు వరసలు పేర్చి, వాటి చుట్టూ వైరు బిగించాం. చూడ్డానికి బాగోలేదు. విడిపోవడం మాత్రం మానేసింది.

ఇక ఇంజను. పక్కింటి బుజ్జిగాడికి వాళ్ల నాయన మద్రాసు బర్మా బజారులో కొన్న జీపు ఉండేది. వెనక్కి లాగి వదిలితే ముందుకు దూకే రకం. జపాన్‌లో టకారా కంపెనీ 1970ల చివర్లో చోరో-క్యూ అనే బుల్లి కార్లతో ఈ రకానికి పేరు తెచ్చింది. మన దేశంలో సెంటీ వాళ్ల అంబాసిడర్లదీ ఇదే పద్ధతి. బుజ్జిగాడి జీపును వాళ్ల తమ్ముడు తొక్కాడు. పైడొప్ప పగిలింది. లోపలి డబ్బా, దానికున్న వెనక ఇరుసూ చెక్కుచెదరలేదు. చట్రం నాది, ఇంజను వాడిది అని ఒప్పందం చేసుకున్నాం. బండి ఒక రాత్రి మా ఇంట్లో పడుకుంటే, మర్నాడు రాత్రి వాళ్లింట్లో.

డబ్బా మూత ఊడదీసి చూస్తే లోపల అలారం గడియారంలో ఉండే చుట్ట స్ప్రింగు లాంటిదే చిన్నది, కొన్ని పళ్లచక్రాలు. వాటిలో ఒకటి మాత్రం ఉన్నచోట ఉండదు, చిన్న గాడిలో అటూ ఇటూ జరుగుతుంది. బండిని వెనక్కి లాగితే అది ఒక పక్కకు జరిగి స్ప్రింగును చుట్టే వరసతో కలుస్తుంది. వదిలేస్తే రెండో పక్కకు జరిగి స్ప్రింగు బలాన్ని వేరే వరస గుండా ఇరుసుకు అందిస్తుంది. రెండు వరసల పళ్ల లెక్క వేరు. అందుకే జానెడు లాగితే బారల కొద్దీ పరిగెత్తుతుంది. స్ప్రింగు ఖాళీ అయ్యాక పళ్ల పట్టు వదిలి చక్రాలు ఊరికే దొర్లుతాయి. మరీ లాగితే టకటకమంటుంది. ఏదో విరిగిందని పెద్దవాళ్లు కంగారుపడి బండి లాక్కునేది ఆ చప్పుడు వినే. నిజానికి అది స్ప్రింగు తెగకుండా లోపల జారే ఏర్పాటు. ఇంత తెలివైన సరుకును పది రూపాయల బొమ్మలో పెట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ గౌరవం.

కంకర ఎక్కాలంటే పెద్ద చక్రాలు కావాలి. హార్లిక్స్ సీసా మూతలు తగిలించి చూశాం. స్ప్రింగు మూలిగిందే గాని బండి కదల్లేదు. చక్రం వ్యాసం రెట్టింపైతే ఒక్కో చుట్టుకు పోయే దూరం రెట్టింపవుతుంది, నేలను నెట్టే బలం సగమవుతుంది. ఈ లెక్క తర్వాత ఫిజిక్సు పుస్తకంలో కనిపించినప్పుడు పాత చుట్టాన్ని చూసినట్టనిపించింది. మరీ చిన్నవైతే బండి కడుపు ఇసుకకు ఆనుతుంది, చక్రాలు గాల్లో తిరుగుతాయి. చివరికి నడిమి రకం కుదిరింది. జీపు పాత చక్రాల మీదే హవాయి చెప్పు రబ్బరును కట్టులా తొడిగాం. మెత్తని రబ్బరు, బరువు లేదు. దాని మీద సైకిలు ట్యూబు ముక్క బిగించాం. ట్యూబూ, అంటించడానికి సొల్యూషనూ సైకిలు షాపాయన పుణ్యం. ముందు ఇరుసుకు సైకిలు స్పోకు ముక్క, అది తిరగడానికి లావుపాటి రీఫిల్ గొట్టం.

అప్పుడు బరువు గొడవ మొదలైంది. లాగే చక్రాలు వెనకవి కాబట్టి బరువు వెనకుంటేనే ట్యూబు నేలను పడుతుంది. నట్టూ బోల్టూ వెనక కట్టాం. వదలగానే ముందు చక్రాలు లేచి బండి వెల్లకిలా పడింది. చోరో-క్యూ కార్లకు వెనక చిన్న గాడి ఉంటుంది, అందులో నాణెం దోపితే ముందు చక్రాలు లేస్తాయి. వాళ్లు సరదాకి పెట్టుకున్నది మాకు తలనొప్పి అయింది. బరువు తీసేయకుండా చట్రాన్ని ముందుకు పొడిగించాం, రెండు ఇరుసుల మధ్య దూరం పెరిగింది. పొడుగు బండి అంత తేలిగ్గా లేవదు. బుజ్జిగాడికి మాత్రం నచ్చలేదు. జీపని చెప్పి బస్సు చేశావన్నాడు.

ఇసుకలో ఇంకో చిక్కు. వెనక్కి లాగితే చక్రాలు తిరగవు, ఈడ్చుకుపోతాయి. తిరగందే స్ప్రింగు చుట్టుకోదు. అందుకని నాపరాయి మీద అదిమి లాగి, చక్రాలు తిరక్కుండా వేళ్లతో పట్టుకుని, పరుగున పోయి ఎదురింటి ఇసుక కుప్ప మీద పెట్టి వదిలేవాళ్లం. ఎక్కింది. కుప్ప కొనదాకా కాదు, సగానికి. అది చాలు, వీధి వీధంతా చూసింది.

ఇక బండి పేరు. 1993 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి పోయిన మొదటి పీఎస్‌ఎల్‌వీ, డి1, విఫలమైంది. 1994 అక్టోబరు 15న డి2 గెలిచింది. శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ మాకు దగ్గరే కాబట్టి రాకెట్ల పేర్లు పిలకాయల నోళ్లలోనే ఉండేవి. వెల్లకిలా పడ్డ బండికి డి1 అనీ, పొడిగించిన దానికి డి2 అనీ పేర్లు పెట్టుకున్నాం. డి2 ఇసుకలో నడిచింది, వీధి కంకరలో నడిచింది, గెనిమ మీద రెండు పక్కలా పడిపోతూ నడిచింది. ఓడిపోయిన చోటు ఒక్కటే, గనుల నుంచి తెచ్చి ఒక ఖాళీ స్థలంలో పోసిన అభ్రకం పొట్టు. పొర మీద పొర జారిపోతుంటే ట్యూబు దేన్ని పట్టుకోవాలి? చక్రాలు ఆ మెరుపు పొట్టును వెనక్కి ఎగజిమ్ముతుంటే బండి ఉన్నచోటే ఉండేది. దాన్ని నడిపించే ఉపాయం మా ఇద్దరికీ చివరిదాకా దొరకలేదు.

ఇప్పుడు ఇదంతా డబ్బాలోనే దొరుకుతుంది. 2021లో లెగో టెక్నిక్ వాళ్లు గ్రేవ్ డిగ్గర్, మ్యాక్స్-డి అని లావు టైర్ల మాన్‌స్టర్ ట్రక్కులు రెండు తెచ్చారు, రెండూ వెనక్కి లాగి వదిలేవే. ఇంజను విడి ముక్కగా వస్తుంది, ఇటుకల మధ్య సరిగ్గా కూర్చుంటుంది. వైరు అక్కర్లేదు. 2020 బడ్జెటులో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెరిగింది, కాబట్టి బయటి నుంచి వచ్చే బొమ్మ కొనే ముందు ధర చూసుకోవాల్సిందే. కొనగలిగినవాళ్లు కొనండి, మంచి బొమ్మలే. పుస్తకంలో ఉన్నట్టు కట్టేశాక ఊడదీసి, దాన్ని మీ ఊరి నేలకు తగ్గట్టు మళ్లీ కట్టమని పిలకాయలకు చెప్పండి.

కొనలేకపోతే, ఇంట్లో పైడొప్ప పగిలిన బండి ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పారేసేముందు వెనక చక్రాలను వేళ్లతో వెనక్కి తిప్పి వదిలి చూడండి. గిర్రున తిరిగితే ఇంజను బతికున్నట్టే. బైండింగ్ వైరు ఇల్లు కడుతున్న చోట ఏ మేస్త్రీని అడిగినా ఇస్తాడు.