కొళత్తూరులో రంగుచేపలు కొందామా!

చెన్నై వెళితే టి.నగర్ చీరల షాపులు, సాయంత్రం మెరీనా బీచి... అంతటితో మన ప్రోగ్రామ్ సరి. ఇంట్లో అక్వేరియం పెట్టమని పిల్లలు ప్రాణం తీస్తుంటే మాత్రం ఓ ఉదయం కొళత్తూరు వెళ్ళి రండి. సెంట్రల్‌లో లోకల్ రైలెక్కి విల్లివాక్కంలో దిగితే అక్కణ్ణించి ఆటోలో దగ్గరే.

రంగుచేపల పెంపకానికి, హోల్‌సేల్ అమ్మకానికీ ఈ పేట పెట్టింది పేరు. షాపు పక్కన షాపు. ఆక్సిజన్ నింపి బిగించి కట్టిన పాలిథిన్ సంచులు, సీసాకు ఒక్కటి చొప్పున ఫైటర్ చేపలు. రెండు మగవాటిని కలిపితే కొట్టుకు చస్తాయి మరి! తమిళంలో చేపను 'మీన్' అంటారు. మన పంచాంగంలోని మీనమే కదా, భాష రాదని బెంగ పడకండి.

అయితే చీరలా రంగు చూసి ఎంచుకుంటే చిక్కే. ఏ చేప ఎంత వెచ్చటి నీళ్ళలో బతుకుతుందో ముందు అడగండి. గోల్డ్ ఫిష్ చైనా నుంచి వచ్చిన చల్లనీళ్ళ చేప. దానికి 18 నుంచి 22 డిగ్రీలు హాయి. పళ్ళెంలా గుండ్రంగా ఉండే డిస్కస్‌ది అమెజాన్, దానికి 28 నుంచి 30 కావాలి. అత్తగారికి ఫ్యాను పడదు, కోడలికి ఫ్యాను లేందే నిద్ర పట్టదు - అలాంటి ఇద్దరినీ ఒకే గదిలో పెట్టి తలుపేసినట్టే! మనమైతే వరండాలోకి పోతాం, పాపం చేప ఎక్కడికి పోతుంది?

మొదటిసారి పెంచేవాళ్ళకు గప్పీ, మోలీ, ప్లాటీ మంచి జట్టు. మూడింటికీ 24-26 డిగ్రీలు సరిపోతాయి. వేడి కుదిరిందని అన్నింటినీ కలిపేయకండి సుమా. ఏంజెల్, నియాన్ టెట్రా రెండూ 25 డిగ్రీల్లో బాగానే ఉంటాయి గానీ, ఏంజెల్ పెద్దదయ్యాక నియాన్‌ను మింగేస్తుంది.

అందుకే ప్రయాణానికి ముందే ఓ చిన్న పని చేయండి. అక్వేరియం పెట్టదలచిన చోట బకెట్‌తో నీళ్ళుంచి, వారం రోజులు పొద్దున, రాత్రి థర్మామీటరుతో చూసి, పాల లెక్క రాసే క్యాలెండరు మీదే రాసుకోండి. ఆ అంకె షాపులో చెప్పి చేపల్ని అడగండి. మన విజయవాడ ఎండల్లో నీళ్ళు 30 దాటడం మామూలే. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అలాంటి ఇంటికి గోల్డ్ ఫిష్ వద్దనే నా సలహా. చచ్చిన చేపను చూసి ఏడ్చే పిల్లాణ్ణి ఊరుకోబెట్టడం మన వల్ల కాదు.

వేసవిలో తొట్టిని కిటికీ ఎండకు దూరంగా జరిపి, ఎయిర్ పంపు నడపండి. నీటిమీదికి ఫ్యాను గాలి తగిలినా, కూజాలో నీళ్ళు చల్లబడ్డట్టే కాస్త చల్లబడతాయి. ఐసుముక్కలు మాత్రం వేయొద్దు, హఠాత్తుగా మారితే చేప తట్టుకోలేదు. హైదరాబాదు చలిరాత్రులకు హీటరు తప్పదు. లీటరుకు ఒక వాటు లెక్కన 50 లీటర్ల తొట్టికి 50 వాట్లు. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీయడం మరవకండి.

తొట్టిని కొన్ని వారాల ముందే నింపి ఫిల్టరు నడుపుతూ ఉంచితేనే కొళత్తూరు ప్రయాణం పెట్టుకోండి. తిరుగు రైల్లో సంచికి తువ్వాలు చుట్టండి. ఇంటికి రాగానే మూతి విప్పకుండా ఇరవై నిమిషాలు తొట్టిలో తేలనివ్వండి. తర్వాత తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా సంచిలో పోసి, చిన్న వలతో చేపల్ని మాత్రమే తీసి వదలండి. సంచిలో నీళ్ళు పూలకుండీకి.